తవిటయ్య దించిన నిప్పు

నేను ఖరగ్‌పూర్ ఇంజన్ల షెడ్డులో క్లీనరుగా చేరేనాటికి తవిటయ్య అక్కడ పదేళ్ళుగా నిప్పు దించే పనిలో ఉన్నాడు. సొంతూరు టెక్కలి పక్క. దూరం నుంచి వచ్చిన ఇంజను బూడిద గుంట మీద ఆగగానే, దాని పొయ్యిలో మిగిలిన నిప్పునంతా పొడవాటి ఇనుప కొంకితో గుంటలోకి లాగేయాలి. వైశాఖంలో ఆ గుంట దగ్గర నిలబడితే ముఖం ఉడికిపోతుంది. అయినా తవిటయ్య ఒక్కనాడూ విసుక్కోగా నేను వినలేదు. అసలు అతనికి మాటలే తక్కువ.

1961 జనవరిలో ఒక పొద్దున, ఆద్రా నుంచి వచ్చిన గూడ్సు ఇంజను నిప్పు దించుతున్నాడు. నేను అవతల చక్రాలు తుడుస్తున్నాను. రెండోసారి కొంకి లాగగానే గుంటలోంచి సన్నగా ఒక కేక వచ్చింది. ఆవిరి చప్పుడేమో అనుకున్నాను. తవిటయ్య అనుకోలేదు. కొంకి పడేసి గుంటలోకి దిగిపోయాడు.

చలికాలం కదా, వెచ్చగా ఉంటుందని గుంట గోడలో ఇటుకలు ఊడిన సందులోకి ఒక పిల్లి ఆ రాత్రే తన కూనల్ని చేర్చింది. నిప్పు పడేసరికి ఒక కూనను నోట కరుచుకుని బయటికి దూకబోయింది. తల్లీ, ఆ కూనా అక్కడికక్కడే పోయాయి. సందులో ఇంకో రెండు మిగిలాయి. ఒకదానికి ముందు కాళ్ళు కాలాయి, రెండోదానికి వీపు కాలింది. కళ్ళు తెరిచి వారమైనా అయ్యుండదు. వాటిని పైకి తెచ్చేసరికి తవిటయ్య మోచేతులు బొబ్బలెక్కాయి. తలగుడ్డ విప్పి, నీళ్ళ కుళాయి కింద తడిపి, రెంటినీ అందులో పెట్టుకున్నాడు.

"ఇయ్యి బతకవురా తవిటీ. ఒక్క దెబ్బేసి బాధ తీర్సెయ్," అన్నాడు పక్క గుంట మనిషి.

తవిటయ్య మేస్త్రీకి చెప్పి, మూట గుండెకానించుకుని బయలుదేరాడు. అతని చేతులు చూసి నేనూ వెంట వెళ్ళాను.

రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన జ్ఞానరత్నంగారు, ఒకప్పుడు దొరల గుర్రాలు కట్టిన రేకుల శాలలో దెబ్బలు తగిలిన పిల్లుల్నీ కుక్కల్నీ ఉంచి బాగుచేసేవారు. గోల్‌బజార్‌లో రిక్షాల కింద పడ్డవాటిని కూడా అక్కడికే తెచ్చేవారు. మేమంతా దాన్ని పిల్లుల ఆసుపత్రి అనేవాళ్ళం.

ఆవిడ మూట విప్పి చూసి, "ఎలా కాలాయి?" అని అడిగారు.

"నానే కాల్సినానమ్మా. సూసుకోకుండా నిప్పు దించేసినాను."

ఆవిడ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. కాలిన చోట్ల చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ, "తల్లి లేని కూనలు. రెండు గంటలకోసారి పాలు పట్టాలి. నాకా ఉన్నవి రెండు చేతులు. డ్యూటీ దిగి రోజూ రాగలవా?" అన్నారు.

"వస్తానమ్మా."

"అలా అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. చూద్దాం."

తవిటయ్య ఇంటికి వెళ్ళి చెబితే, భార్య చిట్టెమ్మ బావురుమంది. "పిల్లిని సంపిన పాపం ఏడు జన్మలు ఒగ్గదంటారు మావా! సెలవెట్టు. సింహాచలం ఎల్లి అప్పన్న కాడ తలనీలాలిచ్చి వద్దుం."

"ఎల్దుంలే. అప్పన్న ఎక్కడికీ పోడు. ఆ రెండూ పాలకి ఆగలేవు," అన్నాడు తవిటయ్య.

మర్నాటి నుంచి డ్యూటీ దిగడం, చేతులు తోముకోవడం, శాలకు పోవడం. గోరువెచ్చని మేకపాలలో గుడ్డ వత్తి ముంచి చుక్కచుక్కగా పట్టడం నేర్చుకున్నాడు. అంత చిన్న కూనలు తమంతట తాము ఒంటికి పోవు. తల్లి నాకినట్టు తడి దూదితో తుడవాలి. ఇరవై సేర్ల కొంకి ఆడించే ఆ మొరటు చేతులు అంత మెల్లగా కదలగలవని నాకు తెలియదు.

తొమ్మిదో రోజున వీపు కాలిన కూన పాలు మింగడం మానేసింది. మధ్యాహ్నం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం క్యారియర్ పట్టుకుని చిట్టెమ్మ వచ్చేసరికి అది పోయింది.

"నా సేతిలోనే పోయింది సిట్టీ," అన్నాడు. పెళ్ళయ్యాక అతని కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదటిసారని చిట్టెమ్మ తరవాత నాతో చెప్పింది. ఆమె క్యారియర్ కింద పెట్టి, కుంపటి రాజేసి, మిగిలిన కూనకు పాలు వెచ్చబెట్టింది. ఆనాటి నుంచి ఆమె కూడా రోజూ శాలకు వచ్చేది.

మిగిలిన కూనకు ఒక ముందు కాలి వేళ్ళు రాలిపోయాయి. అయినా మూడు నెలలకు కుంటుతూ గోనెసంచుల మీదికి ఎక్కసాగింది. జ్ఞానరత్నంగారు, "నువ్వే ఇంటికి తీసుకుపో," అన్నారు. చిట్టెమ్మకూ అదే ఆశ. తవిటయ్య ఒప్పుకోలేదు.

"నా ఎనకాతలే షెడ్డుకొచ్చేస్తాదమ్మా. నిప్పు లేని సోటికియ్యండి."

చివరికి దాన్ని హిజ్లీలో ఒక బెంగాలీ మాస్టారి తల్లికి ఇచ్చారు. తవిటయ్యే బుట్టలో పెట్టి తీసుకెళ్ళాడు. "దీదీ, కుడికాలు నొక్కకండి," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాడు.

షెడ్డులో అతని పనితీరు మారింది. ప్రతి ఇంజను కిందా నిప్పు దించే ముందు గుంటలోకి దిగి సందులన్నీ చూసేవాడు. డ్రైవర్లు గొణిగారు. "దాదా, దో మినిట్," అని లోపలినుంచే కేకేసేవాడు. సంగతి ఫోర్‌మన్ దాకా వెళ్ళింది.

"ఆ రెండు నిమిషాలూ నా టిఫిను టైములో కోసీండి సార్. సూడకుండా మాత్రం నాను దించలేను," అన్నాడు తవిటయ్య. అంతకు ముందు పై అధికారి ఎదట అతను అంత పొడుగు మాట ఎన్నడూ అనలేదు. ఫోర్‌మన్ చెయ్యి ఊపి, "ఠీక్ హై, జావ్," అన్నాడు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా పన్నెండేళ్ళలో అతను గుంటల్లోంచి పైకి తెచ్చిన ప్రాణాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. కొన్ని బతికాయి. చాలావాటిని శాల వెనక పాతిపెట్టాడు.

సింహాచలం మొక్కు ఆరేళ్ళకు గానీ తీరలేదు. తిరిగొచ్చాక, "మనసు కుదుటపడిందా అన్నా?" అని అడిగాను.

"గుండు సల్లగున్నాది," అన్నాడు.

1973లో రిటైరైన రోజు మేమంతా దండలు వేసి, రిక్షా ఎక్కించాం. అతను దాన్ని ఇంటికి పోనివ్వకుండా శాలకు మళ్ళించాడు, నేనూ వెంట వెళ్ళాను. జ్ఞానరత్నంగారికి అప్పటికి చూపు సరిగా లేదు. శాలలో కుర్చీ వేసుకుని కూర్చుని చేయాల్సినవి చెప్పేవారు. క్రితం రోజు గోల్‌బజార్ నుంచి దవడ విరిగిన కూన ఒకటి వచ్చిందట. తవిటయ్య దండలు తీసి నా చేతికిచ్చి, చేతులు కడుక్కుని, దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. చిట్టెమ్మ పాలగిన్నె అందించింది.