గార్లండ్ స్కాగ్స్ వంతెన

బడి వంటశాలలో పనిచేసే ఓలెటా స్కాగ్స్‌వి వెడల్పాటి భుజాలు, నూనె చిట్లి మచ్చలు పడిన చేతులు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా బకెట్టు, నిచ్చెన, కొడుకు వాడిన ఇనుప పానా పట్టుకుని ఏటి వంతెన దగ్గరికి వెళుతుంది. చెడిపోయిన కార్లు లాక్కెళ్లే పని చేసే ఆ కొడుకు గార్లండ్‌ని ఆ వంతెన మీదే ఒక తాగుబోతు కారు కిటికీలోంచి కాల్చి చంపాడు. రెండేళ్లు ఆమె రాజధాని చుట్టూ తిరిగింది. శాసనసభ్యుల ముందు నిలబడి కొడుకు నెత్తురు గురించి చెప్పి, వంతెనకి వాడి పేరు పెట్టే తీర్మానం నెగ్గించుకుంది. ఇప్పుడు వంతెన మీద ఆ పేరున్న బోర్డు కడుగుతుంది, వదులైన బోల్టులు బిగిస్తుంది.

జింకల వేట మొదలైతే దారిలోని బోర్డుల మీద తుపాకులు కాల్చి గురి చూసుకోవడం అక్కడ మామూలే. నవంబరులో ఒకరోజు ఆమె ఏట్లో బకెట్టు ముంచుకుని పైకెక్కేసరికి ఒక ట్రక్కు ఆగి ఉంది. కిటికీలోంచి తుపాకీ పేలి, గార్లండ్ పేరు మధ్యలో చిల్లు పడింది. నవ్వుతున్న ఆ మనిషి చేతిమీద ఓలెటా పానాతో బలంగా కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. తుపాకీ లాగి ఏట్లోకి విసిరి, జుట్టు పట్టుకుని అతని మొహం బోర్డు వైపు తిప్పింది.

"చదువు."

"చెయ్యి విరిగిందమ్మా."

"కళ్ళున్నాయిగా. చదువు."

అతను ఏడుస్తూ చదివాడు. "ఎవరమ్మా ఈయన?"

"నా కొడుకు. వాణ్ణీ ఇలాగే కాల్చారు."

తర్వాత అతన్ని పక్కకి జరగమని, ట్రక్కు తనే నడిపి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. జారిపడ్డానని అతను నర్సుకి చెబుతుంటే ఓలెటా అడ్డుపడింది.

"పడలేదు. నేనే కొట్టాను. మళ్ళీ కాలిస్తే రెండోదీ విరగ్గొడతాను. అదీ రాసుకోమ్మా."