గాలి పోతాంది

ఇప్పుడు నేను నోరు తెరిస్తే పై వరసలో కనిపించే ముందు పళ్లు రెండూ నావి కావు. హన్మకొండలో చేయించుకున్నవి. పడుకునే ముందు తీసి గ్లాసులో వేస్తాను, పొద్దున మొహం కడుక్కుని పెట్టుకుంటాను. చూసినవాళ్లు అచ్చం సొంత పళ్లలాగే ఉన్నాయంటారు. ఉంటాయి మరి, చూడ్డానికే కదా చేసింది. అన్నం తినడానికి, మాట్లాడటానికి, ఎవరైనా ఫోటో తీస్తే ఇకిలించడానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు. నాకు బాగా వచ్చిన పని ఒకటుండేది. దానికి మాత్రం ఇవి పనికిరావు.

నేను బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. వరంగల్ శివనగర్‌లో మా పెద్దబాపుది, అంటే మా నాయన అన్నది, పెళ్లిళ్ల బ్యాండు. చూసేవాళ్లకు క్లారినెట్ పెదవులతో, వేళ్లతో వాయించేదిగా కనబడుతుంది కానీ దాని భారమంతా పై పళ్ల మీదే ఉంటుంది. నోట్లో పెట్టుకునే నల్లటి ముక్కను మౌత్‌పీస్ అంటాం. దాని కింద రీడు అనే పలుచటి బద్ద ఉంటుంది. మౌత్‌పీస్ మీద ముందు పళ్లు రెండు ఆనించి, కింది పెదవి మడిచి రీడుకు ఒత్తితే నోరు బిగుస్తుంది, స్వరం నిలబడుతుంది. ఆ బిగువు తప్పితే నోటి మూలల నుంచి గాలి జారిపోతుంది. నేర్చుకునే రోజుల్లో ఆ బుస్సుమనే చప్పుడు వినబడితే చాలు, పెద్దబాపు ఎక్కడున్నా, స్నానం చేస్తున్నా సరే, అక్కడి నుంచే "గాలి పోతాంది" అని కేకేసేవాడు. ఆయన దగ్గర నాకు దొరికిన పాఠం దాదాపు అంతే. బాగా వాయిస్తే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టు. వీపు మీద చెయ్యేసి శభాష్ అనడం ఆయన ఇంటావంటా లేదు.

ఆయన ముందు పళ్లు కదలడం మొదలయ్యాకే క్లారినెట్ నా చేతికొచ్చింది. ఒక పెళ్లి బరాత్‌లో పాట మధ్యలో ఆపేసి, పక్కనున్న నాకు అందించి, మళ్లీ తీసుకోలేదు. ఆ మౌత్‌పీస్ మీద, ఏళ్ల తరబడి ఆయన పళ్లు ఆని ఆని, రెండు చిన్న గుంటలు పడి ఉన్నాయి. కొత్తది కొనుక్కుంటానంటే తిట్టాడు.

"కొత్తదెందుకు రా? ఆ గుంటలల్ల పండ్లు పెట్టు, నోరు దానంతటదే కూసుంటది."

నిజంగానే కూర్చుంది. ఆయన పళ్లకన్నా నావి కాస్త వెడల్పు. కొన్నేళ్లకు గుంటలు కూడా వెడల్పయ్యాయి.

తర్వాత డీజే బాక్సులు వచ్చిపడ్డాయి. ట్రాలీ ఆటో మీద గోడంత ఎత్తున పెట్టెలు పేర్చి దడదడలాడిస్తుంటే మా బ్యాండు ఎవడికి వినబడుతుంది? పిలిచేవాళ్లే కరువయ్యారు. డ్రమ్ము కొట్టేవాడు మేస్త్రీ పనికి పోయాడు, ట్రంపెట్ ఊదేవాడు ఆటో కొనుక్కున్నాడు. నేను దుబాయ్ పోయాను. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయే అంటారు, నేనూ అదే అంటాను. నాలుగు రాళ్లు వెనకేసుకుని తిరిగొచ్చి మళ్లీ బ్యాండు లేపుతానని పెద్దబాపుకు చెప్పి బయల్దేరాను. క్లారినెట్‌ను ఆయన మంచం కింద పెట్టెలో వదిలి, మౌత్‌పీస్ ఒక్కటి సాక్సులో చుట్టి బ్యాగులో వేసుకున్నాను. నోరు అలవాటు తప్పకూడదు కదా.

అక్కడ నాది బిల్డింగ్ పని. కంపెనీ మమ్మల్ని ఉంచిన క్యాంపులో శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కున్నాక డాబా ఎక్కి ఆ మౌత్‌పీస్ ఊదేవాణ్ణి. ఒక్క మౌత్‌పీస్‌తో పాట రాదు, బాతు గొంతు పిసికినట్టు ఒకటే అరుపు వస్తుంది. మా రూములో మరిపెడ నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉండేవాడు. కోస్తున్నది ఎంత పెద్ద బాతును, మసాలా తెచ్చిపెట్టనా అని ఏడిపించేవాడు. నవ్వితే నవ్వనీ అనుకునేవాణ్ణి. గుంటల్లో పళ్లు కూర్చోగానే నాకు ప్రాణం లేచొచ్చేది.

సరిగ్గా ఆ పళ్ల మీదే దెబ్బ పడింది. క్యాంపు బాత్రూంలో సబ్బునీళ్లకు జారి, మొహం వెళ్లి నల్లాకు కొట్టుకుంది. పళ్లు విరగలేదు, ఊడలేదు, బతికిపోయాననుకున్నాను. కొన్ని వారాలకు రంగు మారాయి. ఆ తర్వాత పై చిగురులో సలుపు మొదలైంది. సూపర్‌వైజర్‌కు చెబితే డ్యూటీలో పడ్డావా అని అడిగాడు. బాత్రూంలో అన్నాను. అయితే కంపెనీకి సంబంధం లేదన్నాడు. స్నానం కూడా డ్యూటీ బట్టలతోనే చేసి ఉండాల్సింది.

కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని క్లినిక్‌కు పోయాను. అక్కడి డాక్టరమ్మ మంచిదే, హిందీలో నిదానంగా చెప్పింది. పళ్ల లోపలి నరం చచ్చిపోయింది, రూట్ కెనాల్ చేసి క్యాపులు వేస్తే రెండూ నిలుస్తాయి. అంతా చెప్పి నా కార్డు చూసి గొంతు తగ్గించింది. ఆ కార్డు మీద పన్ను పీకడం ఉచితం. బాగు చేయించుకోవాలంటే మన జేబులోంచే పెట్టుకోవాలి. ఎంతవుతుందో అడిగితే ఆమె చెప్పింది నా రెండు నెలల జీతం దాటింది. ఆ రెండు నెలలు ఇంట్లోవాళ్లు ఏం తినాలి? నాకు ఒళ్లు మండిపోయింది. పీకడానికి డబ్బులిచ్చేవాళ్లు ఉంచడానికి ఎందుకివ్వరని ఆమెనే నిలదీశాను. పాపం ఆమె మాత్రం ఏం చెబుతుంది, మాత్రలు రాసిచ్చి పంపింది.

అప్పుడు మావాళ్లందరూ ఏం చేస్తారో నేనూ అదే చేశాను. ఊరికి పోయినంక చూసుకుందాం అనుకున్నాను. క్యాంపులో అన్ని రోగాలకూ అదే మందు. ఒకడికి చెవిలో చీము, ఒకడికి మూలశంక, ఒకడికి నడుములో పట్టు, ఎవణ్ణి కదిపినా ఊరికి పోయినంక చూపిచ్చుకుంట అంటాడు. హన్మకొండలో సందుకో పళ్ల దవాఖాన ఉంది. ఇక్కడయ్యే దాంట్లో కొంత పెడితే అక్కడ పనైపోతుంది. ఎండాకాలంలో నాకు లీవు ఉంది. నేను వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు. లీవే రాలేదు. నా బదులు రావాల్సిన మనిషికి వీసా కాలేదని ఒకసారి, బిల్డింగ్ అప్పజెప్పాకే అని ఇంకోసారి వెనక్కి జరిపారు. అడగడానికి పోతే పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది.

ఆ నెలలన్నీ ఆ రెండు పళ్లను బాలింత పసిగుడ్డును చూసుకున్నట్టు చూసుకున్నాను. రొట్టెను పప్పులో నానేసి దవడ పళ్లతో నమిలాను. లవంగం నూరి పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట తెచ్చుకున్నాను. పొద్దున లేస్తూనే వెనక నుంచి నాలుకతో మెల్లగా నెట్టి చూసేవాణ్ణి, కదిలాయేమోనని. శుక్రవారాలు డాబా ఎక్కడం మానేశాను. మౌత్‌పీస్ ఆనిస్తే అక్కడే ఊడి చేతిలో పడతాయని భయం. బాతు ఏమైందన్నా అని మరిపెడ తమ్ముడు రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నాడు.

చివరికి ఒకరోజు మొహం ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. మరిపెడ తమ్ముడే ట్యాక్సీ మాట్లాడి క్లినిక్‌కు తీసుకుపోయాడు. అదే డాక్టరమ్మ. చీము పైకి పాకుతోంది, ఇక ఆగితే ప్రాణం మీదికొస్తుంది అంది. వచ్చే నెల నాకు లీవు ఉందమ్మా, అప్పటిదాకా ఆపు, నీ కాళ్లు పట్టుకుంటానని బతిమాలాను. వచ్చే నెల దాకా నువ్వుండాలి కదా అంది. సంతకం పెట్టాను. రెండూ పీకేసింది. కౌంటర్‌లో కార్డు చూపిస్తే పైసా అడగలేదు.

పళ్లను దూదిలో చుట్టి నా చేతికిచ్చారు. మా దగ్గర పిల్లల పాల పన్ను ఊడితే ఇంటి మీదికి విసిరేయమంటారు, కొత్తది మొలుస్తుందని. రూముకొచ్చాక మరిపెడ తమ్ముడు నన్ను నవ్విద్దామని, రేకుల మీదికి విసురన్నా, కొత్తవొస్తాయి అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే కూర్చుని ఏడ్చాను. వాడు టీ పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

పెద్దబాపుకు ఈ సంగతి చెప్పదలచుకోలేదు. అప్పటికే ఆయన మంచాన పడ్డాడు. కళ్లకు పొరలు, మనుషులు నీడల్లాగా కనిపిస్తారు. మా ఇంటామె, అదే నా భార్య, ఫోన్ పట్టుకుని ఆయన చెవి దగ్గర పెడుతుంది. నోరు కనిపించదు కదా, ఏం తెలుస్తుందిలే అనుకుని, తిన్నావా, మందులు వేసుకుంటున్నావా అని మామూలుగా అడిగాను.

"గాలి పోతాంది," అన్నాడు.

సిగ్నల్ బాగాలేదు పెద్దబాపూ అన్నాను.

"సిగ్నల్ కాదు రా. నీ మాటలల్ల గాలి పోతాంది. పండ్లకేమైంది?"

లైన్ కట్ అయినట్టు ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఆయన అడిగినప్పుడల్లా డ్యూటీలో ఉన్నాడని ఇంటామెతో చెప్పించాను. పళ్లు పోయాయని చెప్పడమంటే ఇక వాయించలేనని చెప్పడమే. ఆ మాట ఫోన్‌లో చెప్పే ధైర్యం నాకు లేదు.

పళ్లు పోయాక లీవిచ్చారు. ఇంటికి చేరేసరికి పెద్దబాపు నిద్రలో ఉన్నాడు. అదే అదనని, బ్యాగు పడేసి నేరుగా హన్మకొండ పోయాను. పళ్ల డాక్టర్ చిన్నవాడు, మన వైపు పిల్లగాడే. ఎక్స్‌రే తీసి చూపించాడు. చీముకు లోపలి ఎముక కరిగిపోయింది. స్క్రూలు బిగించి పళ్లు పెట్టాలంటే ముందు అక్కడ ఎముక నింపాలి, అది కుదురుకోవడానికి నెలలు, ఆ పైన ఇంకొన్ని నెలలు. అన్ని నెలలు ఉండటానికి నాకు లీవు లేదు, లీవున్నా అంత సొమ్ము లేదు. తీసి పెట్టుకునే పళ్లయితే వారంలో ఇస్తానన్నాడు. నేను మౌత్‌పీస్ తీసి బల్ల మీద పెట్టి, వాటితో ఇది పట్టడం అవుతుందా అని అడిగాను. ఆ గుంటల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"పీకకముందు వస్తే అయిపోతుండె అన్నా," అన్నాడు.

ముందు రావడానికి నేనేమన్నా ఇక్కడే పక్కన నయీంనగర్‌లో ఉన్నానా అని నోటిదాకా వచ్చింది. ఆ పిల్లవాడి తప్పేముంది, మింగేశాను.

పళ్లు తయారయ్యే దాకా నా ఇంట్లో నేనే దొంగలా తిరిగాను. దుబాయ్ నుంచి రాగానే డోర్నకల్‌లో దోస్తు ఇంటికి పోయాడని పెద్దబాపుకు చెప్పమని ఇంటామెతో అన్నాను. ఆయన గదికి, నేను పడుకునే గదికి మధ్య ఒక్క గోడ. అన్నం ముద్ద గొంతుకు అడ్డం పడి ఒకసారి దగ్గొస్తే నోట్లో తువ్వాల కుక్కుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇంటికొచ్చి, నన్ను పెంచిన మనిషి పక్క గదిలో ఉంటే, నేను చేసిన ఘనకార్యం ఇది.

పళ్లు పెట్టించుకున్న రోజు మధ్యాహ్నం ఆయన గదిలోకి పోయి మంచం కింద పెట్టె లాగాను. ఆ చప్పుడుకు ఆయన మొహం ఇటు తిరిగింది.

"వచ్చినవా డోర్నకల్ నుంచి?" అన్నాడు. "అక్కడ దగ్గితే ఇక్కడికి ఇనబడ్డది రా."

మూత తీశాను. పెట్టెలో క్లారినెట్ దుమ్ము లేకుండా మెరుస్తోంది. అతుకుల దగ్గర కొత్తగా నూనె రాసి ఉంది. చూపు లేకపోయినా తడుముకుంటూ రోజూ ఆయనే తుడుస్తున్నాడట, ఇంటామె తర్వాత చెప్పింది. మౌత్‌పీస్ తగిలించి, రీడు తడిపి బిగించాను. వాయించమన్నాడు.

గుంటల మీద పళ్లు పెట్టాను. కూర్చోలేదు. కొంచెం ఒత్తగానే అంగిట్లో పళ్లను పట్టి ఉంచే ప్లేటు లేచి వెనక్కి జారింది. దాన్ని సరిచేసుకుని, బరాత్ ఎత్తుకునేటప్పుడు వాయించే పాట మొదలుపెట్టాను. ఆయన నాకు మొట్టమొదట నేర్పింది అదే. నాలుగైదు స్వరాలు వచ్చాయి. ఆ పైన నోటి మూలల నుంచి బుస్సుమంది. మళ్లీ మొదలుపెట్టాను. ప్లేటు టకటకలాడుతోంది, ఉమ్మి గడ్డం మీదికి కారుతోంది, పాటకన్నా బుసే ఎక్కువ వినబడుతోంది. అయినా ఆపలేదు. ఇప్పుడు కేకేస్తాడని చూస్తున్నాను. గాలి పోతాంది అంటాడు, నోరు బిగించు అని తిడతాడు, నేను బిగిస్తాను, కిందామీదా పడి ఎట్లాగో నేర్చుకుంటాను. ఆ తిట్టు కోసమే పాట చివరిదాకా లాక్కుపోయాను.

ఆయన తిట్టలేదు. మంచం మీది నుంచి చెయ్యి చాపి నా కోసం తడిమాడు. దగ్గరికి జరిగాను. ఆ చెయ్యి వచ్చి నా వీపు మీద ఆగింది.

"మంచిగ వాయించినవ్ బిడ్డా," అన్నాడు.

క్లారినెట్ విప్పి పెట్టెలో పెట్టాను. లీవైపోయి తిరిగి దుబాయ్ పోయేటప్పుడు మౌత్‌పీస్‌ను కూడా అందులోనే వదిలేశాను.