కుడిపక్క మాటలు

ఇది నెత్తురోడే మహాకావ్యం. గొడ్డలి, పగ, అన్నదమ్ముల పోరు, అన్నీ ఉన్నాయి. నిజానికి ఇది ఒక ఈ-బుక్ ఫోనులో సరిగా కనపడక జరిగిన రచ్చ. గొడ్డలి మాత్రం నిజమే.

మా చిన్నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. ఆయన పద్దెనిమిదో ఏట, దేవనకొండ దగ్గర చేనిగట్టు తగాదాలో మా తాతను ఆయన కళ్లముందే గొడ్డలితో నరికారు. అరవై దాటాక దాన్ని పుస్తకంగా రాశాడు. చీర అంచులు గళ్ల కాగితం మీద గీసే అలవాటు కదా, తాత మాటలు ఎడమపక్క, నరికినవాళ్ల మాటలు కుడిపక్క పెట్టాడు. ఏది ఎవరి మాటో రాయలేదు. "అంచు ఏ పక్కదో సీర మీద రాస్తామా?" అన్నాడు.

ఆదోనిలో డీటీపీ పని నాది. ఆయన రాసిన నోటుబుక్కును కంప్యూటర్లో ఎక్కించింది నేనే. స్పేస్ బార్ కొట్టి కొట్టి నరికినవాళ్ల మాటల్ని కుడికి జరిపాను. ఫైలు అచ్చం ఆయన నోటుబుక్కులాగే ఉంది. ఈ-బుక్ చేసి, తెరిచైనా చూడకుండా బంధువులకు పంపాను.

మా పెదనాయనకు చూపు తక్కువ. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాడు. ఖాళీలన్నీ మాయమై, కుడిపక్క మాటలన్నీ ఎడమకు వచ్చేశాయి. పొద్దున్నే నన్ను చొక్కా పట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కించాడు.

మగ్గం గుంటలో కూర్చున్న తమ్ముణ్ణి జుట్టు పట్టి లేపాడు.

"నరకండ్రా అని మన నాయన అన్యాడా? సచ్చినోని మీద ఇట్ల రాస్తావా?"

"అది వాళ్ల మాటన్నా. కుడిపక్క సూడు."

"యాడుందిరా కుడిపక్క?"

పెదనాయన విసిరిన ఫోను చిన్నాయన నుదుటికి తగిలింది. నెత్తురు మగ్గం మీది చీర అంచున పడింది. అదృష్టం, అంచు ఎరుపే. చిన్నాయన పోగును అటూ ఇటూ నడిపే నాడె తీసి కొట్టాడు. దాని మొన ఇనుము. పెదనాయన పెదవి చీలింది. అడ్డం పోయిన నాకు ఇద్దరూ చెరొక చెంపదెబ్బ ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో వాళ్లు ఏకమయ్యారు.

"నాయన్ను నరికిన పొద్దు నువ్వు బళ్లారిలో ఉంటివి. నాయన ఏమన్యాడో నాకే తెలుసు," అన్నాడు చిన్నాయన రొప్పుతూ.

పెదనాయన చెయ్యి గాలిలోనే ఆగింది. "ఏమన్యాడు?"

"నన్ను సంపుకోండి, సిన్నోన్ని పోనీండప్పా అన్యాడు."

"ఇన్నేండ్లు నాకు సెప్పలేదే."

"నువ్వు అడగలేదు గదన్నా."

పెదనాయన నోటుబుక్కు అడిగి తీసుకుని, ఎడమపక్క మాటలు మాత్రమే వేలు పెట్టి చదివాడు. పెదవి నెత్తురు పేజీ మీద పడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆదోనికి వచ్చి ఫైలు సరిచేశాను. మాటను కుడికి జరపాలంటే స్పేస్ బార్ కొట్టకూడదు, ఆ పేరాకు కుడి అమరిక ఇవ్వాలి. పంపేముందు ఒకసారి ఫోనులో పెద్ద అక్షరాలతో తెరిచి చూసుకోవాలి.