షార్డొనేలో వాడి వాటా

మా మగ్గాల సేటు తాగడు. అందుకే ఒక గుడ్డల వ్యాపారి విదేశం నుంచి తెచ్చి ఆయనకిచ్చిన వైన్ సీసా దీపావళికి నా చేతికొచ్చింది. నేనేమో మిఠాయి ఇస్తాడని సంచి పట్టుకుని పోయాను. చలికొండల మీద ఒకే ఒక్క తోటలో పండిన ద్రాక్షట, పేరు షార్డొనే అట.

ఒక్క తోట అన్న మాట వెంటనే బుర్రకెక్కింది. మా దిక్కు కల్లు తాగేవాళ్లు కూడా ఒక్క చెట్టు కల్లునే మెచ్చుకుంటారు. పద్మనగర్‌లో నాతో ఒకే ఖోలీలో, అదే ఒంటిగదిలో, ఉండే దోస్తు ఆ బాపతే. తన పెళ్లికని ఊరికి పోతూ, "నేనొచ్చేదాంక ముట్టకు" అన్నాడు. వాడి చాప చుట్టి పెట్టిన మూలలోనే సీసాను నిలబెట్టాను. వాడికంటే అదే నయం, గురక పెట్టదు.

పెళ్లయింది. వాడు రాలేదు. ఒక శుక్రవారం మగ్గాలకు సెలవు. ఆ చప్పుడు లేకపోతే నేను నమలడం నాకే వినిపిస్తుంది. ఇక ఆగలేక సీసాను ఐసుగడ్డల బకెట్లో ముంచి, బిరడాలోకి స్క్రూ దించి పీకాను. స్టీలు గ్లాసు నింపుకుని ఎస్టీడీ బూత్‌కు పోయి వాడికి ఫోన్ చేశాను.

"నీ సీసా తెరిచిన. రుచి చెప్త, విను."

"ఎట్లుంది?"

"పులుపు. పచ్చి మామిడికాయ టెంక దగ్గరి పులుపు."

"పులిసిపోయిందిరా. పారబొయ్."

"పులిసిన కల్లు గొంతుల గీరుతది. ఇది గీరుతలేదు. నిమ్మతొక్క వాసన. మింగినంక, తొలివాన పడ్డ ఇంటిమీది రేకుల వాసన."

"రేకులు నాకనీకె గంత దూరంకెల్లి తెచ్చిండ్రా?"

తన వంతు కోసం బయట నిలబడ్డ ముసలమ్మ బూత్ అద్దం మీద కొట్టింది. "ఏం బిడ్డా, ఫోన్ల పోస్తున్నవా?"

"సాక పోసినవా?" అన్నాడు వాడు. తాగేముందు దేవతకని నేల మీద నాలుగు చుక్కలు వదలడం మా అలవాటు. మరిచిపోయాను. బూత్ తలుపు కాలితో తోసి, బయట నేల మీద నాలుగు చుక్కలు వదిలాను. ముసలమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నీ సగం సీసాల ఉన్నది. ఎప్పుడొస్తవ్?"



"మామ కిరాణ దుకాణంల కూసోమంటున్నడు. నా వాటా గూడ నువ్వే తాగురా."

మాలో వాటా దాచమన్నవాడు ఎంత ఆలస్యమైనా వస్తాడు. తాగెయ్యమన్నవాడు రాడు.

"నువ్వు కూసుంటే దుకాణంల బెల్లం మిగలది" అన్నాను. ఇద్దరం ఆ జోకుకు అవసరమైనదానికంటే ఎక్కువసేపే నవ్వాం.

ఖోలీకి వచ్చేసరికి బకెట్లో ఐసు కరిగిపోయింది. గ్లాసులో మిగిలిన గుక్క చల్లదనం పోగొట్టుకుని వేరే రుచికి తిరిగింది. పులుపు కాస్త పక్కకు జరిగి, వెనకాల నుంచి వెన్న, వేయించిన జీడిపప్పు వచ్చాయి. ఐసులో ముంచి ఇంతసేపూ దాని నోరు నొక్కింది నేనే. వాడికి చెప్పాలని లేచాను. చెప్పులు వేసుకున్నాక, ఇప్పుడే కదా ఫోన్ పెట్టేశాను అని గుర్తొచ్చింది.

వాడి చాప పరుచుకున్నాను. నాదానికంటే మెత్తగా ఉంది, వెధవ. గ్లాసు నింపుకుని, మళ్లీ నాలుగు చుక్కలు నేల మీద వదిలి, వాడి వాటా మొదలుపెట్టాను.