శుక్రవారం ఇచ్చిన రక్తం

ఆ రోజు రత్న తెల్లటి గుడ్డ మీద లేని దారాన్ని తీయబోయింది. మా చర్చిలో ఒక పసిపాప బాప్తిస్మానికి గౌను కుడుతోంది. గుడ్డ మీద నల్ల దారం పడిందని గోటితో తీసింది, రాలేదు. దులిపింది, పోలేదు. గుడ్డ తీసుకొచ్చి నా ముందు పెట్టి, "ఏమండీ, ఈ పోగు కాస్త తీసి పెట్టండి" అంది. గుడ్డ మీద ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. తను గోడ వైపు చూసింది. దారం గోడ మీదికి వెళ్లిందట. నా చొక్కా వైపు చూస్తే చొక్కా మీదికి వచ్చిందట.

"కళ్లు అలిసిపోయుంటాయి, పడుకో" అన్నాను. పడుకుంది. లేచాక కూడా ఆ దారం అక్కడే ఉంది.

రత్న నా భార్య. మా ఊరు భీమవరానికీ పాలకొల్లుకీ మధ్య కాలువ గట్టు మీద ఉంటుంది. తను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుట్టేది. నేను చేపల చెరువుల మీద లెక్కలు చూస్తాను. చదివింది పదో తరగతే. చెరువులో చేప ఎంత తూగుతోంది, రేపు ఎంత మేత వెయ్యాలి అన్నది పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను. అంకె చూస్తే గానీ నాకు ధైర్యం రాదు. రత్న షుగరు విషయంలో ఆ ధైర్యం నాకు ఎప్పుడూ ఉండేది. తనకి షుగరు వచ్చి పదేళ్లు దాటింది. రిపోర్టు ఎప్పుడు చూసినా ఫాస్టింగ్ 118, 124, 115. మాత్రలు వేసుకునే మనిషికి అంతకంటే ఏం కావాలి?

మాకు దగ్గర్లోని సెంటర్లో ఒక ఫ్యామిలీ క్లినిక్కు ఉంది. పెద్ద డాక్టర్ గారు, వాళ్లమ్మాయి చిన్న డాక్టరమ్మ ఇద్దరూ చూస్తారు. జ్వరాలు, బీపీ, షుగరు, పిల్లల టీకాలు, కడుపుతో ఉన్నవాళ్ల చెకప్పులు అన్నీ అక్కడే. లోపలే చిన్న ల్యాబు ఉంది. పొద్దున్నే పరగడుపున ఒకసారి రక్తం తీస్తారు, టిఫిన్ తిన్న రెండు గంటలకి మరోసారి తీస్తారు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు పెద్ద డాక్టర్ గారు ఇంటికొచ్చి చూసి వెళ్లారు. ఆయన మీద మాకు అంత నమ్మకం. ఇప్పుడూ ఉంది.

ఆదివారం చర్చిలో ఇంకోటి జరిగింది. మా చర్చిలో పాట నంబర్లు గోడ మీద చెక్క పలక మీద పెడతారు. ఆడవాళ్ల వైపు మొదలుపెట్టేది ఎప్పుడూ రత్నే. ఆ రోజు పలక మీదున్నది ఒకటి, తను ఎత్తుకున్నది ఇంకొకటి. అందరూ తలలు తిప్పి చూశారు. పాస్టర్ గారు నవ్వి, "అదీ మంచి పాటే, పాడేద్దాం" అన్నారు. ఇంటికొచ్చే దారిలో రత్న కాలువ వంతెన దగ్గర ఆగి, "పలక మీద పొగ ఉన్నట్టుందండీ" అంది.

మర్నాడే క్లినిక్కుకి తీసుకెళ్లాను. పెద్ద డాక్టర్ గారు లైటు వేసి కంట్లోకి చూశారు. చాలాసేపు చూశారు. "ఇది నా చేతిలో పని కాదమ్మా. రాజమండ్రి వెళ్లండి, రెటీనా డాక్టర్ దగ్గరికి. రేపే వెళ్లండి" అన్నారు. రేపే అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది.

రాజమండ్రి కంటి ఆస్పత్రిలో చుక్కలు వేసి కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. వరసగా అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు. రత్న పక్కన ఒక మామ్మ గారు కూర్చున్నారు, కోరుకొండ వైపు నుంచి వచ్చారట. "మొదటిసారా అమ్మాయ్? భయపడకు. ఈ చుక్కలేశాక మా ఆయన కూడా అందంగానే కనపడతాడు, ఏదీ సరిగ్గా కనపడదుగా" అన్నారు. పక్కనున్న ఆయన కళ్లు తెరవకుండానే, "నీకు చుక్కలెయ్యకపోయినా కనపడలేదులే" అన్నాడు. రత్న నవ్వింది. చాలా రోజుల వరకు మళ్లీ ఆ నవ్వు చూడలేదు.

రెటీనా డాక్టర్ గారు వయసులో చిన్నవారు. స్కాన్ చూపించి, "ఎడమ కంట్లో బ్లీడింగ్ ఉందండి. కుడి కంట్లో కూడా కొత్త రక్తనాళాలు పెరుగుతున్నాయి. దీన్ని ప్రొలిఫరేటివ్ డయాబెటిక్ రెటినోపతీ అంటాం, అంటే షుగర్ వల్ల కంటి వెనక ఉండే రెటీనా పొర దెబ్బతినడం. షుగర్ ఎలా ఉంటోంది?" అని అడిగారు.

"కంట్రోల్లోనే ఉందండి" అన్నాను.

"కంట్రోల్లో ఉన్న మనిషి కన్ను ఇలా ఉండదండి" అన్నారు.

హెచ్‌బిఏ1సి రాశారు. మూడు నెలల షుగరు సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. 10.4 వచ్చింది. ఏడు లోపు ఉండాలట. నేను నమ్మలేదు. ల్యాబు వాళ్లు గొట్టాలు మార్చేసి ఉంటారనుకుని బయట ఇంకో ల్యాబులో చేయించాను. అక్కడా దాదాపు అంతే. మధ్యాహ్నం అన్నం తిన్నాక తీయిస్తే 342. రెండు ల్యాబులూ ఒకటే చెబుతున్నాయి, మా క్లినిక్కు వేరే చెబుతోంది. రెండింట్లో ఒకటి తప్పు అయ్యుండాలి. బస్సులో ఇంటికి వచ్చే దారంతా నేను అదే లెక్క వేశాను. రత్న నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది.

క్లినిక్కుకి వెళ్లి చిన్న డాక్టరమ్మకి అన్నీ చూపించాను. పెద్ద డాక్టర్ గారు కూడా పక్క కుర్చీలో ఉన్నారు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టేసి రత్న వైపు తిరిగారు.

"అమ్మా, ఇక్కడికి రక్తం ఇవ్వడానికి వచ్చే ముందు రోజు రాత్రి ఏం తింటారు?"

"ఏమీ తిననండి. గురువారం మధ్యాహ్నం కాస్త తిన్నాక మళ్లీ మజ్జిగే."

"గురువారం ఎందుకు?"

"శుక్రవారం ఉపవాస ప్రార్థన కదండీ. మీ ఎదురుగుండా చర్చిలోనే. సాయంత్రం ప్రార్థన అయ్యాకే ముద్ద ముడతాను."

"టెస్టుకి ఎప్పుడూ శుక్రవారమే వస్తారా?"

"ఇంకెప్పుడొస్తానండీ. మిగతా రోజులు మిషను మీదే కదా. శుక్రవారం ఎలాగూ పరగడుపే. దేవుడి కోసం ఉన్న ఉపవాసం మీకూ పనికొస్తుంది కదా అనుకున్నాను."

"తిన్నాక తీసే రెండో రక్తం?"

"ఆ రోజు తిననుగా అమ్మా. ల్యాబులో అబ్బాయికి చెబితే సరేలే ఆంటీ అనేవాడు."

బయట టోకెన్ నంబరు పిలుస్తున్నారు. చెరువులో చేప ఎంత తూగుతోందో చూడాలంటే వల ఒక్క మూలే వెయ్యకూడదని కొత్తగా చేరిన వాళ్లకి నేనే చెబుతాను. అందుకే డాక్టరమ్మ వివరించకముందే నాకు అర్థమైంది. ఏ ల్యాబుదీ తప్పు కాదు. ఆ 118 నిజమే. మాత్ర వేసుకుని, దాదాపు రోజంతా తినని మనిషి రక్తంలో ఉన్న షుగరు అది. మిగిలిన ఆరు రోజుల రక్తాన్ని ఎవరూ చూడలేదు.

పెద్ద డాక్టర్ గారు కళ్లజోడు తీసి, "అంకె బాగుందని మాత్రలు రాసి పంపించాను. ఏం తిన్నావమ్మా అని ఒక్కసారీ అడగలేదు" అన్నారు. రత్న కంగారుపడి, "అయ్యో, మీరేం చేస్తారండీ. నేను చెప్పలేదు కదా" అంది. కాసేపటికి తనే మళ్లీ, "అయితే ఉపవాసం ఉండటం తప్పాండీ?" అని అడిగింది. దానికి డాక్టరమ్మ, "ఉపవాసం తప్పు కాదమ్మా. ఆ రోజు తీసిన రక్తాన్ని మేము రోజూ ఉండే రక్తం అనుకోవడం తప్పు" అన్నారు.

ఇన్సులిన్ మొదలుపెట్టారు. పెన్నుతో పొట్ట మీద ఎలా పొడుచుకోవాలో క్లినిక్కులో నర్సు గారు ఇద్దరికీ నేర్పించారు. వేసుకున్నాక తప్పకుండా తినాలని చెప్పారు. రాజమండ్రిలో కుడి కంటికి లేజర్ చేశారు, కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎడమ కంట్లో రెటీనా పొర ఊడి రావడంతో విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి, పొరని అదిమి పెట్టడానికి లోపల నూనె నింపారు. ఆ తర్వాత బోర్లా పడుకోమన్నారు. పగలూ రాత్రీ ముఖం కిందికే ఉండాలి. మంచం అంచున తల వేలాడేసి పడుకునేది. తన ముఖం కనపడాలంటే నేను నేల మీద వెల్లకిలా పడుకోవాలి. అలాగే పడుకుని మాట్లాడేవాణ్ణి. "మీ ముఖం మీద కూడా దారమేనండీ" అని ఒకసారి అంది.

ఈ మధ్యలోనే ఇంకో దెబ్బ తగిలింది. పైకి లేవొచ్చన్నాక వచ్చిన మొదటి శుక్రవారం పొద్దున్న ఇన్సులిన్ వేసుకుని, నేను చెరువు మీదికి వెళ్లాక, ఏమీ తినకుండా చర్చికి వెళ్లింది. ప్రార్థన మధ్యలో చెమటలు పట్టి బెంచీ మీద ఒరిగిపోయింది. ఆడవాళ్లు ఎదురుగా ఉన్న క్లినిక్కుకి మోసుకెళ్లారు. షుగరు 46కి పడిపోయింది. నేను వెళ్లేసరికి గ్లూకోజ్ ఎక్కుతోంది.

"చెప్పారు కదమ్మా, వేసుకున్నాక తినాలని" అని డాక్టరమ్మ కోప్పడ్డారు.

"మాటిచ్చానండీ" అంది రత్న.

ఆ మాట సంగతి నాకు తెలుసు. మా అమ్మాయి కీర్తన నెలలు నిండకుండా పుట్టింది. గాజు పెట్టెలో పెట్టారు. పాప బతికితే నా శుక్రవారాలు నీవే అని రత్న ఆ పెట్టె పక్కన నిలబడి ప్రార్థన చేసింది. పాప బతికింది. ఇప్పుడు జంగారెడ్డిగూడెంలో టీచరు. ఆ రోజు ఫోన్లో వాళ్లమ్మతో, "నా కోసం ఆకలితో ఉన్నది చాలమ్మా. ఇక తిను" అంది. పాస్టర్ గారు కూడా వచ్చి అదే చెప్పారు. తర్వాతి శుక్రవారం రత్న ఇడ్లీ తింటూ ఏడ్చింది. ఇడ్లీ మాత్రం ఆపకుండా తింది. ఎదురుగా కూర్చోవడం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

ఎడమ కంట్లో రెటీనా మళ్లీ ఊడింది. ఇంకోసారి ఆపరేషన్ చేశారు, నిలవలేదు. రెటీనా డాక్టర్ గారు రత్న చెయ్యి పట్టుకుని, "ఎడమ కంటి మీద ఆశ పెట్టుకోవద్దమ్మా. కుడి కన్ను నిలబెట్టుకుందాం" అన్నారు. "ఆ కంటితో సూదిలో దారం ఎక్కించగలనా అండీ?" అని అడిగింది. ఆయన, "మనుషుల్ని గుర్తుపడతారు. దారి కనపడుతుంది" అన్నారు. తను తలూపింది. అడిగిన దానికి జవాబు అందులోనే ఉందని తనకీ తెలిసింది.

ఇంటికొచ్చాక సగంలో ఉన్న బాప్తిస్మం గౌను చేత్తో తడిమి, మడిచి, పక్కింటి వాళ్లతో ఆ పాప తల్లికి పంపించేసింది. వాళ్లు వేరేచోట కుట్టించుకున్నారు. మిషను మీద ఇప్పుడు దుప్పటి కప్పి ఉంది. అమ్మేద్దామా అని నేను అడగలేదు, తనూ అనలేదు.

ఇప్పుడు హెచ్‌బిఏ1సి 7.1కి వచ్చింది. కుడి కన్ను అలాగే నిలబడి ఉంది. దాన్ని చూపించడానికి చెప్పిన ప్రతిసారీ రాజమండ్రి వెళ్తున్నాం. క్లినిక్కు ల్యాబు కిటికీ పక్కన డాక్టరమ్మ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించారు. నిన్న ఏం తిన్నారు, ఈ రోజు ఉపవాసమా, మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది అది. షుగరున్న వాళ్లు కళ్లు బాగానే కనపడుతున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలని కింద ఉంది. ల్యాబులో అబ్బాయి ఇప్పుడు అందరినీ అడుగుతున్నాడు. రంజాన్ ఉపవాసం ఉన్న ఒకాయన్నీ, కార్తీక సోమవారం చేసే ఒకావిడనీ ఇంకో రోజు రమ్మని పంపించడం నేను చూశాను. ఆ బోర్డు పక్కన నిలబడినప్పుడల్లా, ఇది కొన్నేళ్ల ముందు ఉండుంటే అని అనుకోకుండా ఉండలేను.

ఆదివారాలు చర్చిలో మగవాళ్ల వైపు కూర్చోవడం మానేశాను. ఆడవాళ్ల వైపు వెనక బెంచీలో రత్న పక్కన కూర్చుంటున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పలక మీద నంబరు పెట్టగానే తన చెవిలో చెబుతాను. అందరూ పుస్తకంలో పేజీ వెతుక్కునేలోపు రత్న పాట ఎత్తుకుంటుంది. నంబరు చెబితే చాలు, పాట మొత్తం తన దగ్గరే ఉంది.

ఇది రాసి తనకి చదివి వినిపించాను. చివర్లో ఒక సలహా రాయాలంటే ఏం రాయమంటావు అని అడిగాను.

"ఉపవాసం మానమని మాత్రం రాయకండి, అది ఎవరి డాక్టర్ని వాళ్లు అడిగి తేల్చుకుంటారు. రక్తం మాత్రం అన్నం తినే రోజుల్లో ఇమ్మని రాయండి. మామూలు రోజు వెళ్లి, రాత్రి ఏం తిన్నారో చెప్పి, తిన్నాక తీసే రెండోదానికి కూడా ఆగమనండి. మందు వేసేది ఆ మామూలు రోజులకే కదండీ."