బ్యాటరీకి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంటికి చక్రాలుండేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా నాయన ఒక పాత లారీ కొని, దానిమీద చెక్కగది కట్టించి, మైకుసెట్టు పెట్టుకుని పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ తిరిగేవాడు. వానాకాలమంతా ప్రొద్దుటూరులో ఉండి నేను బడికి పోయేదాన్ని. ఎండలు ముదిరి పెళ్లిళ్లు మొదలయ్యాయంటే నాయన, అమ్మ, నాయనను కన్న మా జేజి, నేను, అందరికీ వంటా పడకా ఆ బండిలోనే. బడి పిల్లలు నన్ను ‘బండిపాప’ అని పిలిచేవాళ్లు. ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టుండేది.

బండి ప్రాణమంతా బ్యాటరీలో ఉండేది. మైకు పలకాలన్నా, లోపల చిన్న బల్బులు వెలగాలన్నా అదే దిక్కు. అది దిగిపోతే మోసుకుపోయి ప్రొద్దుటూరు బజారులో సాయిబు మామ అంగట్లో చార్జింగుకు ఇచ్చి, మర్నాడు తెచ్చుకోవాలి. ఎక్కడో దూరాన పులివెందులలో పెళ్లి ఒప్పుకున్నప్పుడు ఆ తిప్పలు చెప్పనలవి కాదు. ఊళ్లలోకి కరెంటు వస్తున్న కొత్త అది. పెళ్లివాళ్ల ఇంట్లోంచి ఒక తీగ లాక్కుంటే బండిలోనే బ్యాటరీ నిండాలి, నిండుతున్నంతసేపూ బల్బులు వెలగాలి, అలాంటి పెట్టె కావాలని నాయన పట్టుబట్టాడు. ఇంటికి వచ్చే కరెంటు ఒక రకం, బ్యాటరీ తాగే కరెంటు ఇంకో రకం, ఆ రకాన్ని ఈ రకంగా మార్చేదే ఆ పెట్టె అని సాయిబు మామ నాకు విడమరచి చెప్పాడు.

నాయన కన్ను అంగట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పెట్టె మీద పడింది. పెద్దదైతే చిటికెలో నింపేస్తుందని ఆయన ఆశ. సాయిబు మామ ఒప్పుకోలేదు. “నీ బ్యాటరీ ఎంత తాగుతాదో అంతే పొయ్యాలప్పా. పెద్దది పెడితే లోపల నీళ్లు మరిగి పలకలు చెడిపోతాయి” అని మధ్యరకంది ఇచ్చాడు. బిగించడానికి తానే వచ్చాడు. బ్యాటరీని బండి మెట్టుకింద, గాలి ఆడేలా బెజ్జాలున్న చెక్కపెట్టెలో పెట్టాడు. దాని ఆవిరి తగలకుండా చార్జింగు పెట్టెను ఎడంగా, మా పక్కబట్టలకు దూరంగా అడ్డచెక్కకు బిగించాడు. బ్యాటరీ పైన రెండు సీసపు మొలలుంటాయి. వాటిలో ఒకదానికి ఎర్రరంగు పూసి, ఎర్రతీగ దానికే తగిలించాలనీ, తారుమారైతే పెట్టె మాడిపోతుందనీ, బండి నడిచేటప్పుడు రెండు తీగలూ విప్పి పెట్టాలనీ నాయనకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆ మాటలు చెప్పేటప్పుడు మా జేజి అక్కడ లేదు. జమ్మలమడుగులో పెళ్లికి పోయి బండి నిలిపినరోజు శుక్రవారం. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే పసుపు కుంకుమ పెట్టకుండా వాడనిచ్చే మనిషి కాదు ఆమె. రోకలికి పెట్టేది, తిరగలికి పెట్టేది, బండి చక్రాలకూ పెట్టేది. ఆవేళ మెట్టుకింద పెట్టె తెరిచి చూస్తే మొలలు మసకగా కనిపించాయి. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ కొబ్బరిపీచూ పెట్టి తళతళలాడేదాకా తోమింది. సాయిబు మామ పూసిన ఎర్రరంగు ఆ తోముడుకే పోయింది. తర్వాత కొంగుతో తుడిచి, ఒక మొలకు పసుపు రాసి, రెండోదానికి నిండుగా కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని కుంకుమ భరిణె అందించాను.

సాయంత్రం నాయన హడావుడిగా వచ్చి, ఎర్రతీగను ఎర్రగా ఉన్న మొలకు తగిలించాడు. కరెంటు వేయగానే పెట్టె గుర్రుమంది. కాసేపటికి కుళ్లిన ముల్లంగి లాంటి గబ్బు బండినిండా కమ్ముకుంది. పెట్టె మాడిపోయింది. ముందురోజు ఇంకో ఊళ్లో ఊరేగింపుకే బ్యాటరీ నీరసించి ఉంది, మైకు మూగబోయింది. పెళ్లిపెద్ద పందిట్లో అందరిముందూ నాయనను నానా మాటలూ అన్నాడు. అంత మాటకారి నాయన తలవంచుకుని మైకు తీగలు చుట్టుకున్నాడు. భోజనానికి రమ్మని మమ్మల్ని ఎవరూ పిలవలేదు, అమ్మ బండిలోనే చారు కాచింది.

మర్నాడు నాయన బండిని తిన్నగా ప్రొద్దుటూరు బజారుకు తెచ్చి సాయిబు అంగడి ముందు ఆపాడు. దిగీ దిగకముందే అందుకున్నాడు. “ఏం సాయిబూ! పనికిమాలిన పెట్టె అంటగట్టి నా పరువు తీస్తివి గదా! నీ కాడికి ఇంగెవరన్నా వస్తారా?” జనం పోగయ్యారు. బ్యాటరీ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన దాన్ని మళ్లీ సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు. కరెంటు పని నమ్మకం మీద నడుస్తుంది. చెడ్డపేరు వస్తే ఆ అంగడి మూసుకోవాల్సిందే, మామ ఇంట్లో పొయ్యి ఆరిపోవాల్సిందే.

సాయిబు మామ వచ్చి మెట్టుకింద పెట్టె తెరిచాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. కుంకుమ చూశాడు. తలెత్తి, మెట్టు మీద కూర్చున్న మా జేజిని చూశాడు. నాయన వంగి చూసేలోపల భుజం మీది తువ్వాలుతో రెండు మొలలూ తుడిచేశాడు. “నాదే తప్పప్పా. రంగు తారుమారుగా పూసినట్టుండా. వేరే పెట్టె ఇస్తాలే” అన్నాడు. నాయన ఇంకా రెచ్చిపోయి, ఒప్పుకున్నాడు చూడండంటూ జనానికి చెప్పుకున్నాడు. మామ ఎందుకు తుడిచాడో నాకు అర్థం కాలేదు.

మరుసటి రోజుకు బ్యాటరీ నింపి, కొత్త పెట్టె బిగించి ఇచ్చాడు. బండి ఇంకా బజారులోనే ఉంది. ఆ పొద్దే జేజి తన కొంగు చూసుకుని లబోదిబోమంది. కొంగంతా సన్నసన్న బెజ్జాలు. “బండిలో ఎలకలు పడినాయిరా! శుక్రవారం కట్టిన చీర చూడు, ఎట్ల కొరికిపెట్టినాయో” అంది. నాయన నవ్వి, అది ఎలకల పని కాదు, బ్యాటరీ ఆసిడ్ అన్నాడు. అంతలోనే నవ్వు ఆపి, “బ్యాటరీని నువ్వెందుకు ముట్టుకుంటివమ్మా?” అని అడిగాడు. తోమి బొట్టు పెట్టానని జేజి గొప్పగా చెప్పింది. “నీ బొట్టును సాయిబు మామ తుడిచేసినాడులే జేజీ” అన్నాను నేను. నాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. మొదట రంగు లేని మొల మీదే ఆ కుంకుమ పడిందనీ, ఎర్రగా ఉందని తాను తీగ తగిలించింది దానికేననీ అప్పుడు చెప్పాడు.

సాయంత్రం అంగట్లో ఎవరూ లేనప్పుడు పోయి చెప్పి వస్తానన్నాడు నాయన. జేజి అంతెత్తున లేచింది. “బజారంతా వినేట్టు తిట్టి, ఇప్పుడు చెవిలో చెప్తావా? ఆ మైకు పెట్టు!”

నాయన ఎంత బతిమాలినా వినలేదు. బండి మెట్టు మీద నిలబడి, మైకును రెండు చేతులతో నీళ్లచెంబులా పట్టుకుంది. “అందరికీ చెప్తాండా, వినండి. పెట్టె చెడింది సాయిబు వల్ల కాదు. ముసలిదాన్ని, నేనే బ్యాటరీని చెంబు తోమినట్టు తోమి బొట్టు పెట్టినా. నా కొడుకు తెలుసుకోకుండా నోరు పారేసుకున్యాడు. నన్ను ఎవరూ ఏమీ అనకూడదని ఆ మనిషి తప్పు మీదేసుకున్యాడు.” బండి పైనున్న బాకా ఆ మాటలను బజారు ఆ కొసకు వినిపించింది. జనం పకపకా నవ్వారు. బ్యాటరీకి బొట్టంట! ఆ నవ్వేవాళ్లలో మా బడి పిల్లలున్నారు. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. పరుపుచుట్ట వెనక ముఖం దాచుకుని, ఈమె మా జేజి కాకుంటే బాగుండుననుకున్నాను.

సాయిబు మామ పరుగెత్తుకొచ్చి, “సాలు తల్లీ, సాలు, దిగమ్మా” అని చేతులు జోడించాడు. జేజి దిగలేదు. మైకును కొడుకు వైపు చాపింది. పెళ్లిపందిళ్లలో పొద్దంతా మాట్లాడే నాయన దాన్ని అందుకున్నాడు. “తప్పయిపోయింది సాయిబూ” అన్న ఒక్క మాట బాకాలోంచి వచ్చింది. సైకిలుకు బ్యాటరీ కట్టుకుపోయినాయన తిరిగి వచ్చాడో లేదో నాకు తెలియదు. నేను ముఖం బయట పెట్టలేదు.

జేజి లోపలికి వచ్చి, నన్ను చూసి, “ఏందే, సిగ్గయితాందా?” అంది. అవునన్నాను, కోపంగానే. “నాకూ శానా అయితాంది” అని పక్కన చతికిలబడింది. అప్పుడు చూశాను, ఆమె చేతులు గజగజా వణుకుతున్నాయి. జేజికి సిగ్గూ ఎగ్గూ లేవనుకున్నాను అంతవరకూ. ఆమెను కాదనుకున్న ఆ క్షణం గుర్తొస్తే ఈ వయసులో కూడా నాకు ముఖం మండుతుంది.

నాకూ నాయన కోపమే అబ్బింది. నలుగురిలో ఎవరినో ఒకరిని అనేస్తాను. తప్పు నాదని తేలాక, తర్వాత ఒంటరిగా చెప్పుకోవచ్చులే అని మనసు ఇప్పటికీ మూలలు వెతుకుతుంది. అప్పుడు జేజి చేతులు గుర్తొస్తాయి. ఆ నలుగురూ ఇంకా అక్కడ ఉండగానే, నా చేతులు వణుకుతున్నా సరే, నోరు తెరుస్తాను.