జిగురక్క అంటించిన ఏడో క్లాజు

మా శాసనసభ కమిటీ విభాగంలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ జిగురక్కే. ఆ పేరు పెట్టింది నేనే, తిట్లు తిన్నదీ నేనే. బిల్లులో కమిటీ ఏ మార్పుకు ఒప్పుకున్నా, దాన్ని చీటీ మీద టైపు చేసి అసలు ప్రతిలో దాని చోట అంటించడం ఆమె పని. చీటీ పై అంచుకు మాత్రమే జిగురు రాయాలి. అప్పుడే దాన్ని పైకెత్తి కింద ఏముందో చదవగలం. కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్లయినా ఆ పద్ధతి పోలేదు. చేరిన కొత్తలో నేను చీటీ అంతా జిగురు పూస్తే, "గోడకి పోస్టరు అంటిస్తున్నావా తమ్ముడూ?" అని అందరి ముందూ దులిపేసింది. ఆవిడ కోపం ముక్కు మీదే ఉంటుంది. మధ్యాహ్నం తన డబ్బాలో సగం నా ముందుకు తోసేదీ ఆవిడే.

ఆ ఏడాది దుకాణాల బిల్లు కమిటీకి వచ్చింది. జిగురక్క చెల్లెలు ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. పదకొండేళ్లుగా, రోజుకు పది గంటలు, నిలబడే. కొనేవాళ్లు లేకపోయినా కూర్చోకూడదు, యజమాని ఊరుకోడు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. కమిటీలో ఒక సభ్యురాలు పట్టుబట్టి కొత్తగా ఏడో క్లాజు చేర్పించింది. అమ్మేవాళ్లకు కుర్చీలు వేయాలి, పని లేనప్పుడు కూర్చోనివ్వాలి. అంతే, రెండే వాక్యాలు. ఆ చీటీ అంటిస్తూ జిగురక్క, "ఇది మాత్రం ఊడకూడదు" అని తనలో తను అనుకోవడం విన్నాను.

మర్నాడు చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలని సెలవు పెట్టింది. అచ్చుకు వెళ్లే ప్రతిని అసలు ప్రతితో సరిచూసింది నేను. బిల్లు అచ్చయి సభ్యుల చేతికి వెళ్లిపోయింది.

ఓటింగు రోజు పొద్దున వస్తూనే అచ్చుప్రతి తెరిచింది. ఏడో క్లాజు లేదు. అసలు ప్రతి తీస్తే అందులోనూ కనిపించలేదు. ఆమె ఏడోదాని చోటు మీదికి వేలాడే ఆరో క్లాజు చీటీని గోటితో లాగింది. రాలేదు. స్కేలు దూర్చి మెల్లగా లేపితే దాని కింద ఉంది ఏడోది. ఊడకూడదని నాలుగు అంచులకూ దట్టంగా పూసిన జిగురు బయటికి పొంగి, పై చీటీని కూడా పట్టేసుకుంది. అచ్చుకు టైపు చేసినవాడికీ కనబడలేదు, నాకూ కనబడలేదు.

సభకు గంట టైముంది. క్లాజులు ఓటుకు వచ్చేలోగా తప్పొప్పుల పట్టిక ప్రతి సభ్యుడి బల్ల మీదా ఉండాలి. దానికి కార్యదర్శి సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టాలంటే తప్పు ఎవరిదో రాసివ్వాలి. ముప్పై ఏళ్లలో జిగురక్క పేరు మీద ఒక్క పట్టికా లేదు. ఆ సంగతి మాకు రోజుకోసారి గుర్తుచేసేది కూడా.

"సరిచూసింది నేను కదక్కా. నా పేరు రాస్తాను."

"జిగురు పూసింది నువ్వా? లే అవతలికి," అని కలం లాక్కుంది.

కార్యదర్శి చదివి, కళ్లజోడు తీసి, "మీరామ్మా!" అన్నారు.

"నేనే సార్. సంతకం పెట్టండి, టైమైపోతోంది."

పరుగులు పెట్టి పంచాం. సభలో ఒక్కో క్లాజూ ఓటుకు వచ్చింది. ఏడోదానికి "కాదు" అన్న గొంతులే పెద్దగా వినిపించాయి. ఆ సభ్యురాలు తలలు లెక్కపెట్టాల్సిందేనంది. గంట మోగించి తలుపులు మూశారు. అనుకూలంగా ఉన్నవాళ్లను లేచి నిలబడమన్నారు సభాపతి. తలుపు అద్దంలోంచి చూస్తూ జిగురక్క నా మోచెయ్యి పట్టుకుని లెక్కపెడుతోంది. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన బల్ల ఊతం చేసుకుని లేచాడు. ఎవరో కూర్చోడానికి అంతమంది అలా నిలబడితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఆ వెనకే బిల్లూ నెగ్గింది.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "అయితే రేపట్నించి కూర్చోవచ్చా అక్కా?" అని అవతలి గొంతు నాకూ వినిపించింది.

"అప్పుడే కాదమ్మా. ఇంకా పైన గవర్నరు గారి సంతకం కావాలి. గెజిట్‌లో రావాలి."

"నిలబడతాలే. నాకు అలవాటేగా."

ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సభ నెగ్గించిన ప్రతిని కవరులో పెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ్టి టపా వెళ్లిపోయింది, రేపు పొద్దున పంపుదాం అక్కా అన్నాను.

"ఒక రోజు ఆలస్యమైతే మా చెల్లి ఇంకో రోజు నిలబడాలి," అంటూ కవరు చంకలో పెట్టుకుని చెప్పులేసుకుంది.